తలుపు మీద అల్మరా

పొద్దున్న ఏడున్నరకల్లా మేస్త్రి తయారైపోయాడు. చొక్కా గుండీలు ఒక కాజా తప్పి పెట్టుకున్నాడు గానీ, బూట్ల తాళ్ళు మాత్రం చక్కగా బిగించి ముడేశాడు. ఏళ్ళ తరబడి చేతులకు అలవాటైన పని బుర్రనడక్కుండానే జరిగిపోతుంది. జేబులు తడుముకుంటూ ముందుగదిలోకి వచ్చి, బయటికి వెళ్ళే తలుపు ఉండాల్సిన చోట నిలబడి అటూ ఇటూ చూశాడు.

అక్కడ మూడు అరల అల్మరా ఉంది. పై అరలో అట్టలు నలిగిన పుస్తకాలు, వాటిలో ఒకటి పక్కదాని మీదికి ఒరిగింది. మధ్య అరలో మడతపెట్టిన తువ్వాళ్ళు, ఒక గాజు సీసా. కింది అరలో దారం ఉండ, కత్తెర, అంచుకంటా జరిగి ఇప్పుడో కాసేపటికో పడిపోయేట్టున్న పింగాణీ కప్పు.

"ఏమండీ" అని వంటింటి వైపు తిరిగి మర్యాదగా పిలిచాడు. "ఈ ఇంట్లో తలుపు ఎటువైపండీ?"

టీ వడకడుతున్న ఆయన భార్య చెయ్యి ఒక్క క్షణం ఆగింది. పది రోజులుగా రోజూ ఇదే ప్రశ్న. అయినా అలవాటు కాలేదు.

"ముందు టీ తాగండి. తలుపు ఎక్కడికీ పోదు."

"అదేనండీ నా అనుమానం. ఎక్కడికో పోయింది" అన్నాడు మేస్త్రి గంభీరంగా. "దుకాణం తెరవాలి కదా. అయినా తలుపు లేకపోతే మనం లోపలికి ఎలా వచ్చామంటారు?"

ఆమె టీ కప్పు పక్కన పెట్టి, దగ్గరికొచ్చి, ఆయన చొక్కా గుండీలు విప్పి మళ్ళీ సరిగ్గా పెట్టింది. పరాయి ఆడమనిషి మీద చెయ్యి వేస్తే ఎంత ఇబ్బంది పడతాడో అంత ఇబ్బందిగా ఆయన తల పక్కకి తిప్పుకున్నాడు.

ఆ వీధిలో అందరూ ఆమెను బొమ్మలావిడ అంటారు. మనుషుల బొమ్మలు, కొండలు, నదులు ఆమె ఎప్పుడూ వెయ్యలేదు. ఇంట్లో ఉండే వస్తువులే వేసేది. చెక్క పలక మీద మేకుకు వేలాడే తాళంచెవులు, నాడాలో దోపిన ఉత్తరాలు, విరిగిన కాడతో కళ్ళజోడు. ఉన్న సైజులోనే, నీడ పడాల్సిన చోటే పడేట్టు వేసేది. చూడ్డానికి వచ్చినవాళ్ళు మాట్లాడుతూ మాట్లాడుతూ చెయ్యి చాపి ఉత్తరం తియ్యబోయేవారు. వేళ్ళకు నున్నటి చెక్క తగిలేది. ఉలిక్కిపడి, ఆ తర్వాత పడీ పడీ నవ్వేవారు. "మోసపోయినవాడు నవ్వాలి. నవ్వకపోతే నేను వేసింది బొమ్మ కాదు, దొంగతనం" అనేది ఆమె.

మేస్త్రి పటాలకు చట్రాలు కట్టేవాడు. పెళ్ళయిన కొత్తలో ఆమె బొమ్మకు ఎంతో ముచ్చటపడి చట్రం కట్టుకొస్తే ఆమె గొల్లున ఏడ్చింది. చట్రం ఉంటే బొమ్మ అని తెలిసిపోదూ? అప్పట్నుంచి ఊరందరికీ చట్రాలు, ఆమెకు మాత్రం పలకలు. ఎండిన చెక్క ఏరి, చిత్రిక పట్టి, చెంప ఆనిస్తే జారిపోయేంత నున్నగా చేసిచ్చేవాడు. "ఏమే, ఈసారి ఎవరి చేతికి పని పెడుతున్నావు?" అని అడిగేవాడు.

రెండేళ్ళ క్రితం ఆయనకు మరుపు మొదలైంది. మొదట కొలతలు పోయాయి, తర్వాత దారులు పోయాయి. ఒకరోజు భోజనం దగ్గర కూర్చుని "మీరు తినరా?" అని అడిగాడు. ముందు ఆమెకు అర్థం కాలేదు. ముప్పై తొమ్మిదేళ్ళు నువ్వు అన్న మనిషి, కొట్లాటల్లో కూడా నువ్వు తప్ప ఇంకో మాట తెలియని మనిషి, ఆ పూట ఆమెను మీరు అన్నాడు. కూర కలుపుకుంటున్న చేత్తోనే లేచి వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

ఆ తర్వాత ఇల్లు దాటి వెళ్ళిపోవడం మొదలైంది. మూడోసారి వెళ్ళినప్పుడు తన పాత దుకాణం దగ్గర దొరికాడు. అది ఇప్పుడు చెప్పుల కొట్టు. నా దుకాణంలో మీరెవరంటూ అద్దాన్ని బాదుతుంటే ఎవరో తోసేశారు. నుదురు పగిలి కుట్లు పడ్డాయి. తలుపుకు ఎప్పుడూ తాళం వేసి ఉంచమన్నాడు డాక్టరు. ఆమె తాళం వేసింది. ఆయన తలుపు బాదాడు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా, "తెరవండి, తెరవండి" అంటూ. మూడు వేళ్ళ గోళ్ళు లేచిపోయాయి.

అప్పుడు ఆమె రంగుల పెట్టె తీసింది.

తాళాన్ని చెయ్యెత్తితే గానీ అందనంత పైకి మార్పించింది. పిడి తీసేయించింది. ఆయన మందు మత్తులో పడుకునే మధ్యాహ్నాల్లో తలుపు లోపలి వైపు గరుకు కాగితంతో రుద్ది, తెల్లపూత పూసి, పదకొండు రోజులు వేసింది. వంటింటి కిటికీ ఎడమవైపు కాబట్టి నీడలన్నీ కుడివైపుకే పడాలి. గడియారం పెట్టకూడదు, ముల్లు కదలకపోతే గుట్టు బయటపడుతుంది. తలుపు బందుల మీదికి అల్మరా అంచు వచ్చింది. పాత తాళం కన్నం రెండు పుస్తకాల మధ్య చీకటి సందు అయిపోయింది. జీవితంలో అంత శ్రద్ధగా ఏదీ వెయ్యలేదు.

పనిచేసింది. ఆయన తలుపు బాదడం మానేశాడు. బాదడానికి తలుపంటూ లేదుగా!

ఆ పొద్దున్నే పదింటికి కూతురు వచ్చింది. రక్తపరీక్షల లాబ్‌లో పని చేస్తుంది, నాలుగు వీధుల అవతల కాపురం. అత్తగారికి బాగోలేదని నెల రోజులు వేరే ఊళ్ళో ఉండి వచ్చింది. తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికొచ్చి, మూద్దామని వెనక్కి తిరిగి, ఠక్కున ఆగిపోయింది. చెయ్యి దానంతటదే ముందుకెళ్ళి అంచున ఉన్న కప్పును లోపలికి జరపబోయింది. వేళ్ళకు చెక్క తగిలింది.

"అమ్మా!" అని కిలకిలా నవ్వింది. "ఎప్పుడు వేశావు ఇది? నన్ను కూడా బోల్తా కొట్టించావుగా!"

"బాగుందా?" అంది బొమ్మలావిడ, తెలియకుండానే సంబరపడుతూ.

"బాగుండటమేమిటి, ఇంత మంచిది నువ్వు ఎప్పుడూ..."

మాట పూర్తి కాలేదు. గోడ పక్కగా తండ్రి నడుస్తున్నాడు. అరచెయ్యి గోడకు ఆనించి, మూలదాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, అల్మరా దగ్గర ఆగి, దాన్ని తప్పించుకుని మళ్ళీ గోడ తడుముతున్నాడు. కూతురి మొహంలో నవ్వు ఆరిపోయింది.

"నాన్న ఏం వెతుకుతున్నాడమ్మా?"

బొమ్మలావిడ వంటింటి వైపు తిరిగింది.

"అమ్మా, నిన్నే. ఏం వెతుకుతున్నాడు?"

"తలుపు బాది బాది గోళ్ళు ఊడగొట్టుకున్నాడే. రక్తం కారుతున్నా ఆపడు. నువ్వు చూడలేదు. ఇప్పుడు బాదట్లేదు. నిమ్మళంగా ఉంటున్నాడు."

"నిమ్మళంగానా? ఒకసారి ఆయన మొహం చూడు! జైల్లో ఉన్నవాడికి కూడా తలుపు కనిపిస్తుందమ్మా. అది తెరుచుకోదని తెలుస్తుంది, తిట్టుకుంటాడు, బాదుతాడు. నాన్నకి అది కూడా లేకుండా చేశావు."

"చాల్లే, పెద్ద చెప్పొచ్చావు. వారానికోసారి వచ్చి గంట కూర్చుని పోయేదానికి ఏం తెలుస్తుంది?"

"అందుకే కదా సంరక్షణ కేంద్రంలో చేర్పిద్దామని ఆర్నెల్లుగా మొత్తుకుంటున్నాను! అక్కడ చుట్టూ గోడ ఉన్న తోట ఉంది. ఎంతసేపు నడిచినా ఎవరూ ఆపరు. మనుషులుంటారు."

"ముక్కూ మొహం తెలియని మనుషులు."

"నువ్వు మాత్రం ఆయనకి తెలుసా?"

ఆ మాట నోరు జారాక కూతురే పెదవి కొరుక్కుంది. కానీ ఆగలేదు. నెల రోజులుగా అత్తగారి మంచం పక్కన చంపుకున్న నిద్ర, అలసట, అన్నీ కలిసి ఆ నోటికి అడ్డు లేకుండా చేశాయి.

"ఇది ఆయన కోసం వెయ్యలేదమ్మా నువ్వు. ఇంట్లో ఒక్కదానివీ ఉండలేక వేశావు. పేరు మర్చిపోయినా, మొహం మర్చిపోయినా, మనిషి కళ్ళ ముందు ఉంటే చాలనుకున్నావు. బొమ్మ వెయ్యడానికి నీ బల్ల మీద సర్దిపెట్టుకుంటావే వస్తువులు, ఎవర్నీ ముట్టుకోనివ్వవు, వాటితో పాటు ఆయన్నీ సర్దిపెట్టుకున్నావు."

బొమ్మలావిడ మొహం పాలిపోయింది. "బయటికి నడు" అంది.

"వెళ్తాను. నాకు తలుపు కనిపిస్తోందిగా. ఇది చెరిపేసేదాకా మళ్ళీ ఈ గడప తొక్కను."

తలుపు దడాలున మూసుకుంది. ఆ చప్పుడుకు మేస్త్రి ఉలిక్కిపడి అల్మరా వైపు చూశాడు. "ఏదో పడిందండీ" అన్నాడు. "అరలో వస్తువులు మాత్రం అన్నీ ఉన్నాయి."

మూడు రోజులు గడిచాయి. కూతురు రాలేదు, ఫోనూ చెయ్యలేదు. పట్టుదల తల్లినుంచే వచ్చింది కాబట్టి తల్లీ చెయ్యలేదు. కానీ ఆ మాటలు మాత్రం ముల్లులా దిగబడిపోయాయి. రెండుసార్లు గరుకు కాగితం చేతిలోకి తీసుకుని తలుపు దగ్గరికి వెళ్ళింది. రెండుసార్లూ మేస్త్రి నుదుటి మీది కుట్ల మచ్చ చూసి వెనక్కి వచ్చేసింది.

నాలుగో రోజు పది గంటలప్పుడు వంటింటి అటక మీది పంచదార డబ్బా కోసం స్టూలెక్కింది. స్టూలు ఒరిగింది. ఎడమ తుంటి నేలకు తగిలిన చప్పుడు ఆమెకే వినిపించింది, ఎండుకొమ్మ విరిగినట్టు. కళ్ళు బైర్లు కమ్మాయి. కాలు కదపబోతే గొంతులోంచి తనది కాని అరుపు వచ్చింది.

మేస్త్రి పరుగెత్తుకొచ్చాడు. "అయ్యయ్యో, పడ్డారా?" చంకల కింద చేతులు వేసి లేపబోయాడు. ఆమె పెట్టిన కేకకు భయపడి వెనక్కి జరిగాడు. కానీ లోపలికెళ్ళి దిండు తెచ్చి ఆమె తల కింద పెట్టాడు. గ్లాసుతో నీళ్ళు తెచ్చి, సగం మెడ మీద ఒలకబోస్తూ తాగించాడు.

"ఫోన్ తెండి. పడగ్గదిలో ఉంది, నల్లగా, ఇంత ఉంటుంది."

ఆయన వెళ్ళి కళ్ళజోడు పెట్టె తెచ్చాడు. తర్వాత దువ్వెన తెచ్చాడు. తర్వాత ఖాళీ చేతులతో వచ్చి, "మీరు కదలకండి. నేను వెళ్ళి ఎవర్నైనా పిలుచుకొస్తాను" అన్నాడు.

బూట్ల చప్పుడు ముందుగదిలోకి వెళ్ళింది. అక్కడ ఆగింది.

నేల మీద పడున్న చోటునుంచి ఆమెకు గుమ్మంలోంచి తలుపు కనిపిస్తోంది. నిలబడ్డ మనిషి కళ్ళ ఎత్తుకు వేసిన బొమ్మ అది. కిందినుంచి చూస్తే అరల గీతలన్నీ వంకరపోయాయి, కప్పు గాల్లో తేలుతోంది. ఆమెకు అక్కడ రంగులు తప్ప ఏమీ లేవు. ఆయనకు మాత్రం అల్మరా.

"అదే తలుపండీ!" అని అరిచింది. "మీ ఎదురుగా ఉన్నదే! అది అల్మరా కాదు, బొమ్మ. నేనే వేశాను. పైన తాళం ఉంది, చెయ్యెత్తి తిప్పండి!"

ఆయన వేలి కణుపుతో తట్టి చూశాడు. తలవంచి అంచులు పరీక్షించాడు. "కలప మంచిదేనండీ" అన్నాడు. "చేసినవాడు పనివాడే." ఒరిగిన పుస్తకాన్ని పట్టుకోబోయాడు. వేళ్ళు జారాయి. గోటితో గీరాడు, మళ్ళీ గీరాడు. "బిగుసుకుపోయింది" అన్నాడు. నవ్వు రాలేదు ఆయనకు.

"తలుపండీ అది... మీ కాళ్ళు పట్టుకుంటాను, నమ్మండి..."

ఆయన దగ్గరికొచ్చి జాలిగా చూశాడు. నొప్పికి మనిషి ఏదేదో మాట్లాడుతుందని అనుకున్నట్టున్నాడు. "కంగారుపడకండి. మా ఆవిడ వచ్చేస్తుంది. బొమ్మలు వేస్తుంది, చాలా తెలివైంది. తలుపు ఎక్కడుందో ఆవిడకి తెలుసు."

"నేనేనండీ ఆవిడని."

"వచ్చేస్తుంది" అన్నాడు ఆయన, ధైర్యం చెబుతూ.

బాల్కనీలోకి వెళ్ళి కేకెయ్యమంది. వెళ్ళాడు. ఎందుకొచ్చాడో అక్కడికి చేరేలోపు మర్చిపోయాడు. కింద వీధిలో పోయే ఎవరికో చెయ్యి ఊపాడు. వాళ్ళూ ఊపి ఉంటారు, సంతోషంగా లోపలికొచ్చాడు. నేల మీద ఆమెను చూసి మళ్ళీ మొదటిసారి చూసినట్టే, "అయ్యయ్యో, పడ్డారా?" అన్నాడు. మళ్ళీ తలుపు వెతకడానికి వెళ్ళాడు.

ఆమె గొంతు పోయేదాకా అరిచింది. కింది అంతస్తు అచ్చు ప్రెస్సులో యంత్రాలు ఆగకుండా తిరుగుతున్నాయి. మేస్త్రి స్నానాలగది తలుపు తెరిచాడు, బట్టల బీరువా తెరిచాడు, మంచం కిందికి వంగి చూశాడు. ప్రతిసారీ చివరికి ఆ అల్మరా ముందుకే వచ్చి ఆగాడు. ఒంటిగంటకు ఆయన ప్యాంటు తడిసిపోయింది, గమనించలేదు. రెండింటికి గోళ్ళ దగ్గర పాత గాయాలు మళ్ళీ రేగాయి. మూడు కావస్తుండగా గోడ పట్టుకుంటూ వచ్చి ఆమె పక్కన నేల మీద చతికిలబడ్డాడు. పసివాడిలా వెక్కుతున్నాడు.

"దొరకలేదండీ. ఎంత వెతికినా దొరకలేదు. మిమ్మల్ని ఇలా ఒదిలేసి కూర్చున్నానని అనుకోకండి."

ఆమె ఆ నెత్తుటి వేళ్ళను తన గుప్పిట్లోకి తీసుకుంది. ఈ మనిషి తనను మర్చిపోయాడని ఇన్నాళ్ళుగా ఏడ్చింది. తనెవరో తెలియకుండానే, కేవలం పడిపోయిన ఒక మనిషి కోసం, ఈయన అయిదు గంటలు తిండీ నీళ్ళూ లేకుండా తిరిగాడు. మరుపు ఆయన్నుంచి అన్నీ తీసుకుపోయి దీన్ని ఒదిలేసింది. ఆ మిగిలిన కాస్తకూ దారి లేకుండా చేసింది తను. అది కూడా తన చేతిలో ఉన్న విద్యనంతా వాడి.

"మీ తప్పు కాదండీ" అంది.

నాలుగింటికి తాళం తిరిగింది. లాబ్ నుంచి మూడుసార్లు ఫోన్ చేసి, పడగ్గదిలో మోగిందాన్ని ఎవరూ ఎత్తకపోయేసరికి పట్టుదల గట్టున పెట్టి వచ్చింది కూతురు. అల్మరా నిలువునా తెరుచుకుని, పుస్తకాలతో, సీసాతో సహా పక్కకి జరిగి, అందులోంచి ఒక మనిషి రావడం చూసి మేస్త్రి నోరు తెరిచాడు.

"చూశారా!" అన్నాడు భార్యతో. "ఈ అమ్మాయి అల్మరాలోంచి వచ్చింది."

ఆస్పత్రిలో తుంటికి ఆపరేషన్ చేశారు. ఇకముందు చేతికర్ర లేకుండా నడక కుదరదన్నారు. కూతురు మంచం పక్కన కూర్చుని బత్తాయి ఒలుస్తోంది.

"నువ్వన్నది నిజమేనే" అంది తల్లి. "నా కోసమే వేశాను."

"అది కాదమ్మా... నేను ఆ మాటలు అనకుండా ఉంటే, రోజూ వచ్చి ఉంటే..." కూతురి చేతిలో తొన నలిగిపోయింది. తలవంచి తల్లి అరచేతిలో మొహం పెట్టుకుంది. బొమ్మలావిడ రెండో చేత్తో ఆ జుట్టు నిమిరింది. కన్నీళ్ళకు చెయ్యంతా తడిసింది.

కాసేపయ్యాక, "తలుపు?" అని అడిగింది.

"తెల్లరంగు పూయించేశాను. నిన్ను అడగలేదు."

"మంచి పని చేశావు. ఒక్క పూతకి కిందిది కనబడుతుంది."

"మూడు పూతలు వేయించాను."

తల్లి తలూపి కిటికీ వైపు తిరిగింది. "మీ నాన్నని చేర్పించావా?"

"చేర్పించక తప్పలేదమ్మా."

"తోటలో తిరుగుతున్నాడా?"

"తిరగట్లేదు. అక్కడి తలుపు దగ్గరే ఉంటాడు. వచ్చేపోయేవాళ్ళందర్నీ ఆపుతాడు." అంతవరకే చెప్పి కూతురు బత్తాయి తొక్కలు ఏరసాగింది.

ఆరు వారాల తర్వాత చక్రాల కుర్చీలో కూతురు తల్లిని అక్కడికి తీసుకెళ్ళింది. పొడవాటి వసారా, వరసగా కుర్చీలు. తలుపు పక్కన కుర్చీ చివరంటా జరిగి కూర్చున్నాడు మేస్త్రి. చొక్కా గుండీలు ఎవరో సరిగ్గానే పెట్టారు. బాగా చిక్కిపోయాడు. చక్రాల కుర్చీ కనబడగానే లేచి ఎదురొచ్చి, ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. తనను గుర్తుపట్టాడని ఒక్క క్షణం అనుకుంది ఆమె.

"అమ్మా, కాస్త సాయం చెయ్యండి" అన్నాడు ఆదుర్దాగా. "మా ఇంట్లో ఒకావిడ పడిపోయింది. లేవలేకపోతోంది. ఎవర్నైనా పిలుద్దామంటే నాకు తలుపు దొరకలేదు. ఎవరికి చెప్పినా వినిపించుకోవట్లేదు."

వెనకనుంచి కూతురు నెమ్మదిగా చెప్పింది. "అప్పట్నుంచీ ఇంతేనమ్మా. పొద్దుటినుంచి పడుకునేదాకా ఇదే."

రెండేళ్ళలో ఆయన బుర్ర పట్టి ఉంచుకున్న కొత్త సంగతి ఇదొక్కటే. ఇంకేదీ నిలవని చోట అది మేకు దిగ్గొట్టినట్టు నిలబడిపోయింది. ఆ రోజు ఆయనకు ఎప్పటికీ సాయంత్రం కాదు.

బొమ్మలావిడ ఏడుపు దిగమింగింది. "ఆవిడ్ని లేపారండీ" అంది. "ఆస్పత్రికి తీసుకెళ్ళారు. తగ్గిపోయింది."

"నిజంగానా? ఎవరు చెప్పారు వాళ్ళకి?"

"మీరే చెప్పారు."

"నేనా?"

"మీరే. తలుపు కనుక్కున్నారు, వెళ్ళి పిలుచుకొచ్చారు. మీరు లేకపోతే ఆవిడ బతికేదే కాదు."

మేస్త్రి ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. భుజాలు కిందికి దిగాయి. "పోన్లెండి" అని నిట్టూర్చి కుర్చీలో వెనక్కి వాలాడు. కళ్ళు మూసుకున్నాడు. కూతురు నేల వైపు చూస్తోంది. ఆ వసారాలో ఎవరో దగ్గుతున్నారు, ఎక్కడో గిన్నెలు కడుగుతున్నారు.

నాలుగైదు నిమిషాలు గడిచాయో లేదో, ఆయన కళ్ళు తెరిచి కుర్చీ చివరికి జరిగాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మా, మా ఇంట్లో ఒకావిడ పడిపోయింది..."

ఆమె మళ్ళీ చెప్పింది. మళ్ళీ ఆయన నిట్టూర్చాడు. మూడోసారి అడిగినప్పుడు ఆమె నోరు తెరిచింది గానీ మాట రాలేదు.

కూతురు ముందుకొచ్చి తండ్రి మోకాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. చెమ్మగిల్లిన కళ్ళతోనే ఆయన మొహంలోకి చూస్తూ, "ఆవిడ్ని లేపారు నాన్నా" అంది. "నువ్వే తలుపు తీశావు. నేను చూశాను."